రెండో సంతకం

అహల్యకు ఇంగ్లీషు రాదు. అంకెలు మాత్రం ఆమె కళ్లను దాటిపోవు. తమ్ముడు తెచ్చిన టైపు కాగితాల్లో మూడో పుట మధ్యన 214 కనబడగానే ఆమె వేలు అక్కడే ఆగిపోయింది.

అది ఆమె చెలక సర్వే నంబరు. తొర్రూరు నుంచి దంతాలపల్లి పోయే రోడ్డు పక్కన రెండెకరాలు. పెళ్లినాడు తండ్రి రాసిచ్చింది. భర్త పోయిన ఈ పదకొండేళ్లూ ఆమె అందులో పల్లికాయ వేసుకుని బతుకుతున్నది.

"గీ లైను నాకు చదివి చెప్పలే నువ్వు," అన్నది.

మంచం మీద కూర్చున్న పురుషోత్తం చాయ గ్లాసు కింద పెట్టాడు. "అది మామూలుదే అక్కా. అన్ని కంపెనీల కాగితాలల్ల ఉంటది."

"అన్ని కంపెనీలల్ల నా చెలక నంబరుంటదా?"

అతను గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

అది ఎనభై ఒకటి ఎండాకాలం. పురుషోత్తం నూనె మిల్లు పెట్టాలని రెండేళ్లుగా తిరుగుతున్నాడు. ప్రైవేటు కంపెనీ రిజిస్టరు కావాలంటే కనీసం ఇద్దరు ఉండాలన్నారు హైదరాబాదులో. కంపెనీకి పెడతామని మొదట పంపిన పేరు ఇంకెవరికో ఉందని తిప్పి పంపారు. రెండోది ఒప్పుకున్నారు. ఇక కావలసింది రెండో మనిషి సంతకం. "ఊకె ఒక్క షేరు, నీ పేరు, అంతే," అని చెప్పి ఈ పొద్దున దిగాడు.

కాదనడం అహల్యకు తేలిక కాదు. అరవై తొమ్మిదిలో వాడు హనుమకొండ కాలేజీలో చదివేవాడు. తెలంగాణ ఉద్యమంలో పట్టుకుపోయి నెల రోజులు లోపల పెట్టారు. ములాఖత్‌కు జొన్నరొట్టెలు కట్టుకుని పోయింది ఆమే. పరీక్షలు పోయాయి, ఆ చదువు మళ్లీ అతకలేదు. "నౌకర్ల కోసం జైలుకు పోయిన నాకే నౌకరి దొరకలే," అని నలుగురిలో నవ్విస్తుంటాడు. ఆ నవ్వు వింటే ఆమె అక్కడి నుంచి లేచిపోతుంది.

"సరే, ఏమున్నదో చెప్పు," అన్నది.

"నీ చెలక కంపెనీ తీసుకుంటది. మిల్లు అక్కడనే కడ్తం. పేరు మారుతది గంతే. నేను లేనా?"

"కంపెనీ అంటే నువ్వేనా?"

"నేనంటే నేను కాదు. అదొక వేరే మనిషి తీర్గ. నేను పోయినా, నువ్వు పోయినా అది ఉంటది. చావదు." వకీలు చెప్పిన మాట అది. గొప్పగా చెప్పాడు.

అహల్య ఆ అంకెల మీది నుంచి వేలు తీయలేదు. "చావనోనికి భూమి ఇస్తే మళ్ల ఎన్నడొస్తది తమ్మీ?"

"నన్ను నమ్మవా అక్కా?"

"నిన్ను నమ్ముత. నువ్వు పోయినంక ఎవల నమ్మాలె? నువ్వే చెప్తివి గద." ఆమె కాగితాలు అతని వైపు జరిపింది. "సంతకం పెడ్త. ఈ ఇల్లే ఆఫీసని రాసుకో. చెలక కౌలుకిస్త, ఇరవయ్యేండ్లకు. గా లైను మాత్రం తీసెయ్యి."

"కౌలు జాగ జూసి లోను ఎవడిస్తడు? జర సోచాయించు!"

ఆమె కదలలేదు. అతను కాగితాలు సంచిలో కుక్కుకుని అన్నం తినకుండానే బస్సెక్కాడు. వండిన కూర సాయంత్రం దాకా అట్లాగే ఉన్నది.

ఇరవై రోజులకు మళ్లీ వచ్చాడు. ఆ లైను లేని కొత్త కాగితాలు. అహల్య ప్రతి పుటా వేలు పెట్టి వెతికింది. తమ్ముడి ముందు అట్లా వెతకవలసి వచ్చినందుకు సిగ్గేసింది. అయినా ఆపలేదు. పేరు, భర్త పేరు, ఊరు ఆమే తన చేత్తో రాయాలట. వృత్తి దగ్గర ఆగింది.

"గృహిణి అని రాయి," అన్నాడు పురుషోత్తం కిటికీ వైపు చూస్తూ.

ఆమె 'వ్యవసాయం' అని రాసింది.

సర్టిఫికెట్ వచ్చింది. కంపెనీ పేరు రాసిన రేకు బోర్డు తెచ్చి ఆమె అరుగు గోడకు తనే మేకులు కొట్టాడు. అతను రావడం అదే ఆఖరు. కౌలు జాగా మీద ఎవరూ అప్పివ్వలేదు. మిల్లు లేవలేదు. వరంగల్లులో ఒక దుకాణంలో గుమాస్తాగా కుదిరాడని విన్నది. పల్లికాయ ఇంటికొచ్చిన ప్రతిసారీ ఒక బస్తా పంపుతుంది. బస్తా దించుకుంటాడు. కబురు మాత్రం ఉండదు.

కంపెనీ పేరిట హైదరాబాదు నుంచి నోటీసులు వస్తూనే ఉన్నాయి. మొదటిది చదివించుకుంటే, లెక్కలు దాఖలు చేయలేదని ఉందన్నారు. తర్వాతి వాటిని అహల్య విప్పకుండా గూట్లో పేర్చుతుంది. బోర్డు మీది దుమ్ము కొంగుతో తుడుస్తుంది.

"లేని కంపెనీకి బోర్డెందుకే అహల్యమ్మా, పీకెయ్యరాదు?" అని అడిగింది ఒకనాడు పాలు పోసే గట్టమ్మ.

"ఊకె పీకితె పోదటనే. కంపెనీ పేరు తీసెయ్యమని హైదరాబాదుకు రాయాలెనట. దానికి గూడ ఇద్దరి సంతకాలు కావాలె," అన్నది అహల్య, బస్సు వచ్చే దారి వైపు చూస్తూ. "వాడు రావాలె గద."