ఇరవై మూడో భాగంలో లేని వంటవాడు

కుట్టుకొట్లో ఇరవయ్యేళ్ళుగా చొక్కాలకు కాజాలు కుట్టి కుట్టి, ఆవిడకు ఒక పేరుందన్న సంగతే అందరూ మరిచిపోయారు. యజమాని దగ్గర నుంచి కొలతలివ్వడానికి వచ్చేవాళ్ళ దాకా అందరికీ ఆవిడ కాజాలక్కే. మూడో తరగతితో బడి ఆగిపోయింది. చదవడం వచ్చు కానీ, ఒక్కో మాట మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, మోకాలి లోతు బురదలో నడిచినట్టు చదివేది. రాయడమంటే సంతకం దగ్గరే చెమటలు పట్టేవి.

ఆ లోటు భర్త తీర్చాడు. ఆయన గడియారాలు బాగుచేసేవాడు. సాయంత్రం ఆవిడ కిటికీ పక్కన కూర్చుని కొట్లో మిగిలిన బొత్తాల పని చేసుకుంటుంటే, ఆయన ఎదురుగా కూర్చుని పిల్లుల పుస్తకం పైకి చదివేవాడు.

పిల్లుల పుస్తకమంటే ఏదో పిల్లల కథ కాదు. వీధి చివరి లైబ్రరీలో ఒక బీరువా నిండా ఉన్న డిటెక్టివ్ నవలలు. సముద్రం ఒడ్డున ఒక లాడ్జి, దాన్ని నడిపే ముసలావిడ, ఆవిడకు రెండు పిల్లులు. ఒకటి బూడిద, ఒకటి మసి. ప్రతి భాగంలోనూ ఎవరో ఒకరు చచ్చిపోతారు గానీ రక్తం చుక్క కనిపించదు, ఎవరూ గట్టిగా ఏడవను కూడా ఏడవరు. పోలీసులు తలలు పట్టుకుంటారు. బూడిద ఆలోచిస్తుంది. మసి నిద్రపోతుంది. చివరికి హంతకుడు దొరుకుతాడు, మిగిలినవాళ్ళంతా టీ తాగుతారు.

ఈ పుస్తకాల మీద లైబ్రరీలో ఎంత రభస జరిగేదంటే, పేపరు చదువుకోవడానికి వచ్చినవాళ్ళు దణ్ణం పెట్టి లేచిపోయేవారు. విసిగిపోయిన లైబ్రేరియనమ్మ ఒకరోజు లావుపాటి నోటుబుక్కు తెచ్చి బల్ల మీద పడేసింది.

"నోళ్ళు మూసుకుని ఇందులో పోట్లాడుకోండి. అభిప్రాయం రాసినవాళ్ళకే తర్వాతి భాగం ఇస్తాను. రాయకపోతే లేదంతే."

అదే చట్టమైపోయింది. గొడవంతా కాగితం మీదికెక్కింది. రిటైరైన లెక్కల మాస్టారు ఇలా రాశారు: "ఇప్పటికి ఆ లాడ్జిలో పందొమ్మిది మంది పోయారు. అయినా గదులు ఖాళీ లేవంటున్నారు. అక్కడ దిగేవాళ్ళకు పేపరు చదివే అలవాటు లేదా?" దాని కింద పళ్ళ డాక్టరు: "శవానికి పళ్ళు ఎలా ఉన్నాయో రచయిత్రి ఈసారి కూడా రాయలేదు. చాలా నిరాశ." మళ్ళీ మాస్టారు: "ఏడో భాగంలో బూడిద తోక మీద మచ్చ ఉంది. పన్నెండులో లేదు. ఎవరు తుడిచారు?"

అందరికన్నా గడియారాలాయన అభిప్రాయానికే విలువెక్కువ. పిల్లి కన్నా ముందే హంతకుణ్ణి పట్టుకున్న ఘనుడని ఆయనకు పేరు. ఎప్పుడు రాసినా "మా ఇద్దరి అభిప్రాయం" అని మొదలుపెట్టేవాడు. రాశాక పెళ్ళానికి వినిపించేవాడు. ఆవిడ దారం పళ్ళతో తెంపుతూ ఊఁ అనేది.

ఇరవై మూడో భాగం నూట పన్నెండో పేజీలో ఉండగా ఆయన పోయాడు. ఆ పేజీలో మసి పడవ మీద తాళ్ళచుట్టలో పడుకుని ఉంది. అందరూ చదివేశాక చివరి వంతుగా ఇంటికొచ్చిన ఆ పుస్తకం నాలుగు నెలలు అలమారలోనే ఉండిపోయింది. తర్వాత ఒకరోజు ఆవిడ దాన్ని తీసి, నూట పదమూడో పేజీ మీద వేలు పెట్టింది. ఆరు వారాలు పట్టింది. తీరా చూస్తే ఆఖరి వాక్యంలో మసి పడవ మీద నుంచి సముద్రంలోకి మాయమైంది. పుస్తకం అయిపోయింది!

పిల్లి బతికిందా, పోయిందా? ఇంట్లో ఒక చావు చాలదా? కాజాలక్క పుస్తకం పట్టుకుని పరుగున లైబ్రరీకి పోయింది. ఇరవై నాలుగో భాగం అప్పుడే వచ్చి ఉంది, ఇంకా ఎవరూ తెరవలేదు. పోయినసారి చివరి వంతు కనుక ఈసారి మొదటి వంతు ఆవిడ ఇంటిదే.

"అభిప్రాయం రాసి తీసుకెళ్ళమ్మా," అంది లైబ్రేరియనమ్మ.

కాజాలక్క ఉత్త చేతులతో వెనుదిరిగింది. ఇంటికొచ్చి ఆడపడుచును బతిమాలింది. "దానికేం భాగ్యం వదినా" అని ఆవిడ పుస్తకం తెరవకుండానే రాసిచ్చింది: "పుస్తకం బాగుంది. అట్ట నీలంగా ఉంది." లైబ్రేరియనమ్మ చదివి, కళ్ళజోడు మీదుగా చూసి, కాగితం తిరిగి చేతిలో పెట్టింది.

అప్పుడు గుర్తొచ్చింది కాజాలక్కకు. ఆయన ఏ అభిప్రాయమైనా ముందు రిపేరు చీటీల వెనక చిత్తు రాసుకునేవాడు. సొరుగు వెతికితే స్ప్రింగుల కింద, ఆయన నోటుబుక్కులోకి ఎక్కించకుండా వదిలేసిన చీటీ ఒకటి దొరికింది. ఏ భాగమో దాని మీద లేదు. పిల్లులు ఎప్పుడూ చేసేది ఒకటే కదా, ఏదైతేనేం అనుకుంది. గుడ్డ మీద గీతలు దించినట్టు అక్షరం అక్షరం నోటుబుక్కులోకి దించింది: "మా ఇద్దరి అభిప్రాయం. వంటవాడి మీద నాకు మొదట్లోనే అనుమానం వచ్చింది. ఉప్పుడబ్బాకు మూత పెట్టనివాడు ఎంతకైనా తెగిస్తాడు."

లైబ్రేరియనమ్మ ఇరవై నాలుగో భాగం తీయబోతుండగా మాస్టారు అది చదివి కుర్చీలోంచి లేచారు.

"ఆగండి! ఇరవై మూడులో వంటవాడెక్కడున్నాడు?"

నిజమే. ఆ కథంతా చిన్న పడవలో జరుగుతుంది. ఉన్నది నలుగురు మనుషులు, రెండు పిల్లులు, ఒక డబ్బా బిస్కెట్లు.

"సగం చదివే పోయాడు కదా మహానుభావుడు," అన్నాడు పళ్ళ డాక్టరు. "సగంలోనే మనకు కనిపించనిది కనిపెట్టాడంటే..."

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. వంటవాడు దొరికేదాకా ఇరవై నాలుగో భాగం ఎవరూ ముట్టుకోకూడదని తీర్మానించారు. మూడు వారాలు వెతికారు.

"కెప్టెనే వంటవాడు. నలభయ్యో పేజీలో గుడ్డు ఉడకబెట్టాడు చూడండి," అన్నారు మాస్టారు.

"గుడ్డు ఉడకబెడితే వంటవాడైపోతాడా? రోజూ నేనూ ఉడకబెడతాను."

"అయితే మీ మీద కూడా ఒక కన్నేసి ఉంచాలి."

ఇరవై నాలుగో భాగం కోసం వచ్చి పక్కన నిలబడ్డ కాజాలక్క ఇక ఉగ్గబట్టుకోలేకపోయింది.

"మాస్టారూ, వాణ్ణి ఇంక వెతక్కండి. వాడు ఇందులో లేడు. ఎందులోవాడో నాకూ తెలీదు. మా ఆయన చీటీ చూసి ఎత్తి రాశాను."

మాస్టారు చేతిలోని పుస్తకం ధబ్బున మూసేశారు.

"ఈ పుస్తకం నాలుగుసార్లు తిరగేశానమ్మా!" అన్నారు మాస్టారు.

"నేనైతే పేషెంటు నోరు తెరిపించి, ఈ వంటవాడి ఆలోచనలో పడి మరిచిపోయాను. పాపం అరగంట అలాగే ఉన్నాడు," అన్నాడు డాక్టరు.

లైబ్రేరియనమ్మ మాత్రం అడిగింది, "సరే, పోనీ. చదివావు కదా, నీకేమనిపించింది?"

"నాకనిపించేదేముందమ్మా, అంతా ఆయనే..."

"ఆయనది బోలెడుసార్లు చదివాను. నీది చెప్పు."

కాజాలక్క కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. "మసి పడలేదమ్మా. దూకింది. ఆ దొంగసచ్చినోడు సంచీ నీళ్ళలోకి విసిరాడు కదా, దాని వెనకే దూకింది. మీరంతా దాన్ని మొద్దు అంటారు. అది నిద్రపోదు. కళ్ళు మూసుకుని అన్నీ వింటుంది."

"అదేంటమ్మా!" మాస్టారు నోటుబుక్కు వెనక్కి తిప్పారు. "మసి దండగ, కథలోంచి తీసేయాలి, మా ఇద్దరి అభిప్రాయం అని ప్రతిసారీ రాశాడే మీ ఆయన!"

"ఆయన రాసుకున్నాడు. నన్నెప్పుడడిగాడు?"

అనేసి, చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చేతి వెనక నవ్వొచ్చింది. ఇన్ని నెలల్లో అదే మొదటిసారి. నవ్వు మధ్యలో కన్నీళ్ళు కూడా వచ్చాయి. ఏది ఆపుకోవాలో తెలియక రెండూ కానిచ్చేసింది.

తర్వాత బల్ల దగ్గర కూర్చుని ముప్పావుగంట రాసింది. "నా ఒక్కదాని అభిప్రాయం. మసి దూకింది. బూడిద కన్నా మసికే తెలివెక్కువ. మా ఆయన చెప్పింది తప్పు." కాసేపు చూసుకుని, పక్కన చిన్నగా చేర్చింది: "ఈ ఒక్క విషయంలోనే."

లైబ్రేరియనమ్మ ఇరవై నాలుగో భాగం చేతిలో పెట్టింది. దాన్ని గుండెకు హత్తుకుని గుమ్మం దాకా వెళ్ళిన కాజాలక్కకు వెనక కాగితం మీద పెన్ను బరబరలాడడం వినిపించింది. తిరిగి చూస్తే, మాస్టారు ఆవిడ అభిప్రాయం కిందే మొహం ఎర్రగా చేసుకుని రాసేస్తున్నారు. "బూడిదను అవమానించడం" అన్నంతవరకు గుమ్మంలోంచే కూడబలుక్కుని చదివింది.

వెనక్కి వచ్చింది. పుస్తకం బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"రాయండి మాస్టారూ, తీరిగ్గా రాయండి. మీదయ్యాక ఆ పెన్ను ఇలా ఇవ్వండి."