సువార్త వీపు

సువార్త కోపం ముందుగా ఆమె వీపులో కనిపిస్తుంది. ఆమె వాయించే, చర్చి వాళ్లు వదిలేసిన పాత పియానో గోడకు ఆనించి ఉండటంతో, ఆర్మూరు సంగీత మండలి నెలనెలా పెట్టే కచేరీలో జనం చూసేది ఆ బిగిసిన వీపునే. పసుపు మార్కెట్ దుమ్ము పడిన మీటలన్నీ తుడుచుకుని గానీ ఆమె కూర్చోదు. పక్కన నిలబడి క్లారినెట్ ఊదేది భర్త ప్రేమ్‌చంద్, ఒకప్పటి పెళ్లి బ్యాండువాడు. మండలి ఇద్దరిదీ, శాలువాలు మాత్రం ఆయనకే.

మొన్న ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చి, పాట నడుస్తుండగానే శాలువా విప్పాడు. ప్రేమ్‌చంద్ క్లారినెట్ దించి మెడ వంచాడు. సువార్త వేళ్లు ఆగలేదు.

“జర ఆపు సువార్తా, సార్ కప్పుతుండు,” అన్నాడు ప్రేమ్‌చంద్.

“పాట సగంల ఉంది, కనవడ్తలేదా? శాలువా అనంగనే మెడ వంచుతవ్, సిగ్గు లేదా? ఊదు!”

అతిథి ఇబ్బందిగా నవ్వాడు. “మల్లొచ్చినప్పుడు మీకు గూడ తెస్తనమ్మా.”

“నాకొద్దు సార్. కూసోని ఇనుండ్రి, చాలు,” అంది, వెనక్కి తిరగకుండానే.

అతిథి శాలువా కప్పేసి కూర్చున్నాడు. ప్రేమ్‌చంద్ భుజాల మీద శాలువాతోనే మిగతా పాట ఊదాడు. ఇల్లు చేరగానే ఆమె కత్తెర తీసి, ఆ శాలువాను మీటలు తుడిచే గుడ్డలుగా కత్తిరించింది. జరీ అంచు ముక్క ఒకటి ఆయన ఒళ్లోకి విసిరింది.

“ఇగో, నీ సన్మానం. గొట్టంల ఉమ్మి తుడుసుకో.”