బ్యాటరీలో బోరు నీళ్లు

మొన్న నల్గొండలో సెల్ఫ్ కొడితే నా కారు టక్‌మన్నది తప్ప ఇంజిన్ తిరగలేదు. మెకానిక్ బ్యాటరీ టెర్మినళ్ల మీద వేడినీళ్లు పోశాడు. పైకి లేచిన పుల్లటి ఘాటుకు యాదమ్మత్త గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఏడేళ్లు. మర్రిగూడలో అందరం పెళ్లికి బయల్దేరితే బాపు కారు అచ్చం ఇట్లాగే మొండికేసింది. మొగుడు పోయిన యాదమ్మత్త, బాపు సొంత అక్క, మంచి చీర కట్టుకుని అప్పుడే ఎదురొచ్చింది.

“బయల్దేరేటప్పుడు ఎదురు రావద్దని ఎన్నిసార్లు చెప్పాలె అక్కా,” అన్నాడు బాపు.

అత్త గోడ పక్కకు జరిగింది. కారును ఆపింది ఆమేనని నేను నమ్మేశాను.

మెకానిక్ వచ్చి బానెట్ ఎత్తాడు. టెర్మినళ్ల చుట్టూ తెల్లటి పొడి పేరుకుని ఉంది.

“బ్యాటరీల ఏం నీళ్లు పోస్తున్నవే అన్నా?”

“బోరు నీళ్లే.”

“డిస్టిల్డ్ వాటర్ పొయ్యాలె గని, మన ఉప్పు బోరు నీళ్లు పోస్తె గిది బతుకుతదా?”

మెకానిక్ పొడి గీకి నట్లు బిగించాక బండి స్టార్టయింది. అత్త మెల్లగా డోరు దగ్గరికొచ్చింది. ఎక్కమని బాపు అనలేదు.

“నువ్వొస్తే మళ్ల ఆగుతది అత్తా,” అన్నాను నేను.

నన్నెవరూ కోప్పడలేదు. బయటికి వేలాడుతున్న నా గౌను అంచును లోపలికి సర్ది, అత్తే డోరు మూసింది.