ల్యాండరుకి గోత్రం

గుళ్లో ఎవరు అర్చన పళ్లెం అందించినా నేను మొదట అడిగేది గోత్రం. ముప్పై ఏళ్లుగా తెనాలిలో అదే నా పాట. మా అమ్మాయి పదో తరగతిలో ఉండగా, చంద్రుడి మీదకి పంపిన ల్యాండరు దిగాల్సిన రోజున, తనే పళ్లెం పట్టుకుని వరసలో నిలబడింది.

"గోత్రం?" అన్నాను అలవాటుగా.

"నాకు కాదు నాన్నా, ల్యాండరుకి."

వెనక ఉన్న జనం పకపకా నవ్వారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "యంత్రానికి గోత్రమేంటే!" అని విసుక్కుని, గోత్రం తెలియనివాళ్లకి చెప్పే కాశ్యప గోత్రం గబగబా చదివేసి, కుంకుమ చేతిలో పెట్టి, "దిగుతుంది పో, డోకా లేదు" అన్నాను.

తెల్లారేసరికి దాని ఉలుకూ పలుకూ లేదన్నారు. పేపర్లలోంచి కత్తిరించిన రాకెట్ల బొమ్మలు అంటించుకున్న నోటుపుస్తకాన్ని అమ్మాయి అటకమీద పడేసింది. "తెలియనప్పుడు తెలియదని చెప్పొచ్చుగా నాన్నా" అంది. అంతే. ఆ తర్వాత నా దగ్గర ఆకాశం మాటే ఎత్తలేదు. ఇంటర్ అయ్యాక బాపట్లలో వ్యవసాయ డిగ్రీలో చేరింది. సెలవులకి వస్తే మట్టి గురించీ ఎరువుల గురించీ వాళ్లమ్మతో తెగ చెప్పేది. నేను వెళ్లి కూర్చుంటే ఫోన్లో తల దూర్చేది. నాకు ఏడుపొచ్చినంత పనయ్యేది.

నాలుగేళ్లకి మళ్లీ పంపారు. ఈసారి పిచ్చి నాకు పట్టుకుంది. చంద్రుడంటే నాకు నవగ్రహాల్లో ఒకడు. బియ్యం, తెల్లబట్ట దానం ఇప్పించి శాంతి చేయిస్తుంటాను. మనకి పక్షం రోజులు గడిస్తే అక్కడ ఒక్క పగలేననీ, రాత్రీ అంతేననీ పేపర్లో చదివి నోరు వెళ్లబెట్టాను. ఇన్నేళ్లు పంచాంగం తిరగేస్తూ ఆ సంగతే తెలుసుకోలేదు చూడండి! ల్యాండరు కడుపులోంచి దిగే ఆ చక్రాలబండికి ఎండే తిండట. మరి చీకటి పడితే? అడుగుదామంటే ఇంట్లో తెలిసినది అమ్మాయి ఒక్కతే, తను నాతో మాట్లాడదు.

దిగే రోజు సాయంత్రం గుడి కిటకిటలాడింది. ఆటోవాళ్లు, బడిపిల్లలు, కొట్లవాళ్లు, అందరి చేతుల్లోనూ కొబ్బరికాయలే. ల్యాండరుకి గోత్రం అడిగితే తలోమాట చెప్పారు. "దిగుతుందంటారా పంతులుగారూ?" అని నిలదీశారు. "తెలియదండి" అంటే మొహాలు మాడ్చుకున్నారు.

ఆ వరసలో రేపల్లె వైపు నుంచి వచ్చే పడవలాయన ఉన్నాడు. చేపల వేటకి వెళ్లేముందు తన పడవ పేరున అర్చన చేయించి, తన గోత్రమే చెబుతాడు. ఇన్నాళ్లకి అడిగాను, "పడవకి నీ గోత్రమెందుకయ్యా?" అని.

"అది తిరిగి రాకపోతే ఏడ్చేది మా ఇంట్లోవాళ్లేగా అయ్యగారూ! మరింకెవరి గోత్రం చెప్పమంటారు?" అన్నాడు.

అతనికి తీర్థం ఇచ్చి తలెత్తితే తర్వాతి పళ్లెం మా అమ్మాయిది. బాపట్లలో రైలెక్కి తిన్నగా గుడికే వచ్చినట్టుంది, భుజాన సంచి ఇంకా అలాగే ఉంది.

"దిగుతుందా నాన్నా?"

నాలుగేళ్లకి నన్ను అడిగిన మొదటి ప్రశ్న. డోకా లేదనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"తెలియదమ్మా. నాకూ భయంగానే ఉంది."

పళ్లెం ముందుకు జరిపింది.

"అయితే మన గోత్రం చెప్పు" అంది.

చెప్పాను. మా నాన్న, తాతల పేర్ల ముందు చెప్పుకునే గోత్రం. నేను హారతి వెలిగిస్తుండగానే మండపంలో ఫోన్లు చూస్తున్నవాళ్లు ఒక్కసారిగా కేకలేశారు. దిగింది! పడవలాయన గంట కొడుతూనే ఉన్నాడు, ఇక చాలయ్యా బాబూ అన్నా వినలేదు.

ఆ పక్షమంతా అమ్మాయి బాపట్ల నుంచి రోజూ నాకే ఫోన్ చేసింది.

"నాన్నా, అక్కడి మట్టిలో బండి గంధకం కనిపెట్టింది!"

"గంధకమా! వేరుశనగ చేలకి వేస్తారంటావే, అదేగా? అయితే అక్కడ పండుతుందా?"

"అబ్బా, గాలీ నీళ్లూ ఏవి నాన్నా?" అని ఒకటే నవ్వింది.

ఆ తర్వాత అక్కడ పొద్దుగుంకింది, బండిని పడుకోబెట్టారు. మళ్లీ తెల్లారింది, లేపారు. పలకలేదు. రోజూ పిలుస్తూనే ఉన్నారన్నారు. అక్కడ రెండో పగలూ ముగిసిపోతుండగా అమ్మాయి ఫోన్ చేసింది.

"నాన్నా, మన గోత్రమేగా. మనకి మైల పట్టాలా?"

వేళాకోళమనుకుని నవ్వబోయాను. అటునుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది.

"తెలియదమ్మా. ఇంకో పక్షం చూద్దాం" అన్నాను.