ఎడమ సగం ఓస్మోది

కోత్కా రేవు పక్కనున్న కాగితం మిల్లులో మోటారు మొరాయిస్తే ముందు పిలిచేది ఓస్మో వైనిక్కానే. ముప్పై రెండేళ్ళుగా అతనికదే పని. మోటారు మీద అరచెయ్యి ఆనించి, కాసేపు కళ్ళు మూసుకుని, "వెనక బేరింగు పోయింది" అనేవాడు. విప్పి చూస్తే వెనక బేరింగే పోయి ఉండేది. మిల్లులో అతని గురించి ఇంతకు మించి ఎవరికీ తెలియదు. బెర్లిన్‌లోనూ జపాన్‌లోనూ అతని రికార్డుల కోసం కాచుకుని కూర్చునేవాళ్ళున్నారన్న సంగతి, రోజూ పక్కన కూర్చుని కాఫీ తాగే ఫోర్‌మన్‌కి కూడా చెప్పలేదు. దాపరికం ఏమీ కాదు. ఆయన అడగలేదు, ఇతను చెప్పలేదు, అంతే.

ఆ రికార్డుల్లో ఓస్మోది సగమే. మిగతా సగం తైస్తోది.

తైస్తోకి ఒకప్పుడు అదే ఊళ్ళో రేడియోలు, టీవీలు బాగుచేసే దుకాణం ఉండేది. ఎనభై మూడులో ఓస్మో ఒక పాత రేడియో పట్టుకెళ్ళాడు. అందులో స్టేషన్లు వినపడకుండా గూం అని ఒకటే మోత. తైస్తో వెనక మూత విప్పాడు, ఎక్కడ చెడిందో కనిపెట్టాడు, స్క్రూడ్రైవర్ చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"బాగుచెయ్యమంటారా?" అన్నాడు.

"చెయ్యకపోతే నయం," అన్నాడు ఓస్మో.

"నాకూ అదే అనిపించింది."

వాళ్ళ స్నేహం మొదలవడానికి ఆ మూడు మాటలు చాలాయి. పారేసిన రేడియోల్లోంచి సామాను ఏరి, ఒక కుట్టుమిషను పెట్టెలో బిగించి, శబ్దాలు పుట్టించే యంత్రం తయారు చేశారు. తమ జోడీకి హురినా అని పేరు పెట్టుకున్నారు. మోటారు చేసే గూం అనే మోతని అక్కడివాళ్ళు అలాగే అంటారు. ప్రతి ఆదివారం ఓస్మో ఇంటి వెనక గదిలో ఆ యంత్రాన్ని మోగించేవాళ్ళు. అందులో రాగం లేదు, పాట లేదు. రంపాలు, రైళ్ళు, ఉరుములు అన్నీ ఒకేసారి గదిలోకి వచ్చి పడ్డట్టుండేది. రెండో నెలలో మెట్ల దగ్గర గోడకి ఎవరో కాగితం అంటించారు: "పై అంతస్తులో డ్రిల్లింగు మిషను వాడుతున్నవారికి మనవి. ఆదివారాలైనా దయచేసి మానండి." కింద పేరు లేదు. ఆ మేడలో ఎవరూ ఎవరితోనూ ముఖాముఖీ తగాదా పడరు, కాగితం అంటిస్తారు. ఇద్దరూ దాన్ని జాగ్రత్తగా ఊడదీసి తమ మొదటి రికార్డు అట్ట మీద అచ్చు వేయించారు. కొన్నవాళ్ళు నూట పదిమంది. ఆ నూట పదిమందినీ తలుచుకుని ఓస్మో ఏడాదంతా సంతోషంగా తిరిగాడు.

తొంభై రెండులో ఊళ్ళో దుకాణాలు వరసగా మూతపడ్డాయి. తైస్తోది కూడా పడింది. ఉత్తరాన కెమీలో వాళ్ళ అక్క ఉంటే అక్కడికి వెళ్ళి, ఆస్పత్రిలో యంత్రాలు బాగుచేసే ఉద్యోగంలో చేరాడు. రైల్లో రోజంతా ప్రయాణం. ఇక కలిసి వాయించడం కుదరదు గనక పోస్టులో వాయించడం మొదలుపెట్టారు. ఏర్పాటు తేలికైనదే. క్యాసెట్టులో ఎడమ సగం ఓస్మోది, కుడి సగం తైస్తోది. ఎడమ చెవికి వినపడేది ఇతను నింపి పంపితే, కుడి చెవికి వినపడేది అతను నింపి తిప్పి పంపాలి. డబ్బా మీద తేదీ తప్ప ఇంకేమీ రాసుకునేవాళ్ళు కాదు. బాగుందనీ బాగాలేదనీ ఒకరికొకరు ఎప్పుడూ చెప్పుకోలేదు. ఫోను చేస్తే మాట్లాడాలి కాబట్టి ఫోనూ చేసుకోలేదు.

చిక్కంతా అక్కడే వచ్చింది.

మొదటి క్యాసెట్టు నింపేటప్పుడే ఓస్మోకి ఒక సంకోచం పట్టుకుంది. అంతా నేనే మోగిస్తే తైస్తోకి చోటెక్కడిది అని మధ్యమధ్య కాస్త ఖాళీ వదిలాడు. తిరిగి వచ్చిన క్యాసెట్టులో తైస్తో ఆ ఖాళీలో సగమే వాడుకుని సగం అలాగే ఉంచాడు. మనం ఎక్కువ మోగించామేమో, అతనికి నచ్చలేదు కాబోలు అనుకుని ఓస్మో తరవాతి దాంట్లో ఇంకాస్త తగ్గించాడు. తైస్తో ఇంకాస్త తగ్గించాడు. అలా పద్దెనిమిదేళ్ళు. రెండో రికార్డు వింటే ఫ్యాక్టరీ నుంచి కాస్త దూరంగా జరిగినట్టుంది. నాలుగోది పక్క గదిలో ఫ్రిజ్ మోగుతున్నట్టుంది. ఆరోదానికి వచ్చేసరికి నలభై నిమిషాల్లో పదకొండు శబ్దాలు మిగిలాయి. ఓస్మో భార్య ఐలా లెక్కపెట్టింది.

ఐలాది తూర్పున యోయెన్సూ. అక్కడివాళ్ళు మాటకారులు. ఈ మూగనోము మొగుడితో పాతికేళ్ళుగా కాపురం చేస్తున్నా ఆమె నోరు ఏమాత్రం మొద్దుబారలేదు.

"ఏమయ్యా, ఇది కొన్నవాళ్ళు ఖాళీ క్యాసెట్టు వచ్చిందని వెనక్కి పంపరూ?"

"పంపరు," అన్నాడు ఓస్మో.

నిజంగానే పంపలేదు. పైగా మెచ్చుకున్నారు. హురినా ఏటేటా సాగిస్తున్న తపస్సు ఇది, నిశ్శబ్దాన్ని చెక్కి చూపించారు అని ఒక జర్మన్ పత్రిక రెండు పేజీలు రాసింది. ఐలా దాన్ని చదివి వినిపిస్తూ పొట్ట పట్టుకుని నవ్వింది. ఓస్మోకి నవ్వు రాలేదు. అతనికి అందులో వినిపిస్తున్నది తపస్సు కాదు. తైస్తో కొంచెం కొంచెంగా, తన మనసు నొప్పించకుండా, గదిలోంచి వెళ్ళిపోతున్నాడు. ఇంకో రికార్డు వస్తే అందులో తైస్తో ఉండడు. మిల్లులో మోటార్లు చూసేవాళ్ళు రేపు ఇంకొకరు వస్తారు, కానీ ఓస్మోకి తనదని చెప్పుకోవడానికి లోకంలో ఉన్నది ఈ సగమొక్కటే. రెండో సగం పోతే ఇది దేనిలో సగం? ఆ భయం అతని గుండెలో రెండేళ్ళుగా ఉంది. అడిగేస్తే తేలిపోతుందని తెలుసు. అవునంటాడేమోనని అడగలేదు.

రెండువేల పదిలో తంపెరెలో ఒక సంగీతోత్సవం వాళ్ళు ఇద్దరినీ పిలిచారు. ఆదివారం మధ్యాహ్నం కచేరీ. పద్దెనిమిదేళ్ళ తరవాత ఇద్దరూ కలిసి వాయించబోతున్నారు. స్టేషను బయట తైస్తో తన పాత వ్యాను దిగాడు. బాగా బక్కచిక్కాడు, జుట్టు మొత్తం తెల్లబడింది.

"బాగున్నావా?" అన్నాడు ఓస్మో.

"ఆఁ. దారి బాగానే ఉంది," అన్నాడు తైస్తో.

ఐలా వెనకనుంచి తల కొట్టుకుంది.

హాల్లో మూడువందల మంది. దీపాలు తగ్గాయి. ఓస్మో నాబ్ మీద వేళ్ళు పెట్టి తైస్తో వంక చూశాడు. నువ్వే కానివ్వు అన్నట్టు తైస్తో తల ఊపాడు. మర్యాదకి అంటున్నాడనుకుని ఓస్మో కూడా నువ్వే కానివ్వు అన్నట్టు తల ఊపాడు. తైస్తో మళ్ళీ ఊపాడు. తరవాత ఇద్దరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురు చూస్తూ కూర్చున్నారు. రెండు నిమిషాలైంది, ఐదైంది. ఎవరూ దగ్గలేదు. చాక్లెట్ కాగితం విప్పబోయిన ఒకావిడ సగంలో ఆగి దాన్ని అలాగే గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. ఏడో నిమిషంలో ఓస్మోకి అంతా అర్థమైపోయిందనిపించింది. వీడు మానేశాడు, నా మొహం చూసి ఇక్కడిదాకా వచ్చాడు, ఇదే ఆఖరు అనుకున్నాడు. చెమటతో చొక్కా వీపుకి అంటుకుంది. తొమ్మిదో నిమిషంలో తైస్తో, ఇక బాగుండదని కాబోలు, దోమ పాటంత సన్నగా ఒక మోత ఎత్తాడు. ఓస్మో అందులో సగమంత జతచేశాడు. గంటకల్లా కచేరీ ముగిసింది.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఒక అమ్మాయి వేదిక దగ్గరికి వచ్చి, ఆ మొదటి తొమ్మిది నిమిషాలూ తను జన్మలో మర్చిపోలేనని ఓస్మోతో చెప్పింది. తనూ మర్చిపోలేడు కాబట్టి ఓస్మో అవునని తల ఊపాడు.

వెనక గదిలో వాళ్ళ కోసం ఫ్లాస్కులో కాఫీ, పళ్ళెంలో యాలకుల బన్నులు నాలుగు పెట్టి ఉన్నాయి. ముగ్గురూ తలా ఒకటి తిన్నారు. ఒకటి మిగిలింది. ఐలా కోట్లు తేవడానికి వెళ్ళింది. ఆమె తిరిగి వచ్చేసరికి పళ్ళెంలో బొటనవేలి గోరంత ముక్క ఉంది, ఓస్మో కత్తితో దాన్ని మళ్ళీ రెండు చేస్తున్నాడు.

"ఏంటయ్యా ఇది?"

"బన్ను."

"బన్నని కనపడుతూనే ఉంది. ఎవరు తిన్నారు?"

"నేను సగమే తీసుకున్నా," అన్నాడు ఓస్మో.

"నేనూ మిగిలినదాంట్లో సగమే," అన్నాడు తైస్తో. "తరవాత వాడు దాంట్లో సగం."

ఆఫీసుల్లో, మిల్లుల్లో, చుట్టాలిళ్ళల్లో చివరి బన్నుకి పట్టే గతి ఐలాకి తెలియనిది కాదు. చివరిది మొత్తంగా తీసుకుంటే పరువు తక్కువ. ఎవరికి వాళ్ళు సగం కోసుకుని సగం పక్కవాడికి ఉంచుతారు. ఎప్పుడూ చూసేదే. అయినా ఆమె కోట్లు కుర్చీ మీద పడేసి ఆ ముక్క వంకే చూస్తూ నిలబడింది.

"మీ రికార్డులు కూడా ఇలాగే చేశారా?" అంది.

ఇద్దరూ పళ్ళెం వంక చూశారు.

"పద్దెనిమిదేళ్ళ నుంచి ఒక్క బన్ను ముక్క కోసుకుంటూ కూర్చున్నారా మీరిద్దరూ? దానికి తపస్సని పేరు పెట్టి వాళ్ళెవరో రెండు పేజీలు రాశారు. తైస్తో, నోరు తెరిచి చెప్పు. మా ఆయన అడగడు, అడగలేక చచ్చిపోతాడు."

ఓస్మో కత్తి కింద పెట్టాడు. తల ఎత్తకుండానే మాట్లాడాడు.

"నీకు ఇష్టం లేకపోతే చెప్పెయ్యరా. నేనేమీ అనుకోను. నా మనసు నొప్పించకూడదని ఇంతింత పంపొద్దు."

తైస్తో అతని వంక వింతగా చూశాడు. "ఇష్టం లేనిది నీకు కదరా? నువ్వు ఏటేటా తగ్గిస్తుంటే, నాతో విసిగిపోయావు, పోతూ పోతూ మర్యాద చేస్తున్నావు అనుకున్నా. ఇందాక నువ్వు మొదలుపెట్టకపోయేసరికి అయిపోయిందనుకున్నా."

"నువ్వు మొదలుపెట్టకపోతే నేనూ అదే అనుకున్నా."

"దేవుడా," అంది ఐలా. కూర్చుని, ఆ ఉన్న ముక్క తీసి నోట్లో వేసుకుంది.

తైస్తో లేచి బయటికి వెళ్ళాడు. వ్యానులోంచి అరటిపళ్ళ అట్టపెట్టె ఒకటి మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. నిండా క్యాసెట్టులు. ఒక్కోదాని మీద తేదీ. కెమీ వెళ్ళినప్పటి నుంచి ప్రతిసారీ తన సగం ముందు నిండుగా మోగించి రికార్డు చేసేవాడట. విన్నాక ఇంతెందుకు, ఓస్మోకి చోటుండాలి కదా అని చాలామటుకు తీసేసి, మిగిలినదే పంపేవాడట. తీసేసినవన్నీ ఇవి.

"ఇదే ఆఖరు కచేరీ అనుకుని నీకిచ్చి పోదామని తెచ్చా," అన్నాడు. "నాతో ఉంటే అక్క పారేస్తుంది."

ఓస్మో కాసేపు ఆ పెట్టె అంచు నిమిరాడు. "నా దగ్గర ఇలాంటి పెట్టెలు రెండున్నాయి. మంచం కింద."

"అవి మిల్లు కాగితాలన్నావుగా?" అంది ఐలా. ఓస్మో చెవులు ఎర్రబడ్డాయి.

ముగ్గురూ ఆ వ్యానులోనే కోత్కా వచ్చారు. మూడు రోజులు వెనక గదిలో, ఒకే తేదీలవి చూసుకుని, అతని క్యాసెట్టూ ఇతని క్యాసెట్టూ పక్కపక్కన పెట్టి మోగించారు. పంపకుండా దాచుకున్న మోతంతా ఒక్కసారి బయటపడింది. ఎన్నోచోట్ల ఇద్దరూ ఒకే శబ్దం చేసి, ఒకరికోసం ఒకరు చెరిపేశారు. అలాంటిది వచ్చినప్పుడల్లా తైస్తో గోడ వైపు తిరిగేవాడు. నాలుగో రోజు కెమీ వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళాక ఓస్మోకి మళ్ళీ బెంగ పట్టుకుంది. ఒక గదిలో ఉన్నప్పుడు తెగించడం వేరు, పోస్టులో పంపడం వేరు. కొత్త క్యాసెట్టులో ఎడమ సగం ఎక్కడా ఖాళీ లేకుండా నింపాడు. మధ్యలో మిల్లు పెద్ద మోటారు మోతని రెండు వారాలు కూర్చుని తీర్చిదిద్ది పెట్టాడు. అంత బాగా ఇంతవరకూ ఏదీ కుదరలేదని అతనికే తెలుసు. పోస్టాఫీసు దాకా పోయి రెండుసార్లు వెనక్కి వచ్చాడు. మూడోసారి ఐలా అతని చేతిలోంచి లాక్కుని తనే వేసి వచ్చింది.

నాలుగు వారాలకి పొట్లం వచ్చింది. ఓస్మో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. కుడి చెవిలో తైస్తో, మొదటి క్షణం నుంచీ నిండుగా. ఓస్మో ఊపిరి వదిలాడు. కాసేపటికి ఎడమ చెవిలో ఏదో తేడా. తన సగంలో ఆస్పత్రి పంపు చప్పుడు ధబ్ ధబ్ అని లోపలికి వస్తోంది. వచ్చి, రెండు వారాలు కష్టపడి చేసిన ఆ మోటారు మోతని మొత్తంగా తుడిచేసి, రెండు నిమిషాల పాటు దర్జాగా అక్కడే కూర్చుంది. అడగలేదు, చెప్పలేదు. ఓస్మో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంత అమర్యాద అతనికి జీవితంలో ఎవరూ చెయ్యలేదు. వెళ్ళిపోయే మనిషి ఇలా చెయ్యడు. హెడ్‌ఫోన్ల తీగ లాగేసి, స్పీకర్ల గొంతు పూర్తిగా పెంచి, ఐలాని పిలిచి మొదటి నుంచి పెట్టాడు.

సోమవారం పొద్దున మెట్ల దగ్గర గోడకి కాగితం ఉంది: "పై అంతస్తులో డ్రిల్లింగు మిషను వాడుతున్నవారికి మనవి." కింద పేరు లేదు. ఓస్మో దాన్ని చిరగకుండా ఊడదీసి, కవరులో పెట్టి, కెమీ చిరునామా రాశాడు. ఇన్నేళ్ళుగా తైస్తోకి తేదీ తప్ప ఏమీ రాసి ఎరగడు. ఆగి, కాగితం తీసి వెనకవైపు రాశాడు.

"చాల్లేదు. ఇంకా ఇటు జరుగు."