వెనక సీటు నింపి చూసే మా చిచ్చా

పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున మా ఎదురు ఫ్లాటు తలుపు బార్లా తెరిచి ఉంది. గడప దగ్గర చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. గుండెనొప్పి అంటే ఆస్పత్రికి తీసుకెళ్లిన చిచ్చా ఇక తిరిగి రాడని నాన్న మెట్ల మీదే నిలబడి చెప్పాడు. ఆ రోజు నాకు ఏడుపు వచ్చింది. ఇప్పుడు వస్తున్నది కోపం. ఈ స్మృతి రాయడానికి కూర్చున్నది ఆ కోపంతోనే. చదివేవారు మన్నించకపోయినా ఫరవాలేదు.

చిచ్చాది బోధన్, మాది జగిత్యాల. రెండు కుటుంబాలూ బతుకుదెరువుకు గల్ఫ్ వచ్చినవే. ముహర్రక్‌లో ఒకే అంతస్తులో ఎదురెదురు ఫ్లాట్లు కావడంతో నేను పుట్టినప్పటి నుంచీ ఆయన నాకు చిన్నాన్న వరస, చిచ్చా, ఆయన భార్య చిచ్చీ. హిద్ రోడ్డు మీద పాత కార్లు అమ్మే ఒక యార్డులో ఆయనకు డ్యూటీ. అమెరికా నుంచి ఓడలో దిగిన పెద్ద పెద్ద కార్లను అమ్మకానికి పెట్టే ముందు రోడ్డు మీద నడిపి, మంచిచెడ్డలు చెప్పాలి. వినయం ఆయన ఒంటికి పడేది కాదు. మీసానికి రంగు వేసుకుని, "నా చెయ్యి పడని బండి ఈ దేశంల పెండ్లికాని పిల్ల లెక్క" అని మెట్ల మీద గట్టిగా నవ్వేవాడు. చిచ్చీ లోపలి నుంచి, "ముందు నీ డబ్బా కారుకు హారన్ పెట్టించు, తర్వాత మాట్లాడు" అనేది.

మిగతావాళ్లు కారును ఒంటరిగా నడిపి చూస్తారట. చిచ్చా అలా చూసినదాన్ని లెక్కలోకే తీసుకునేవాడు కాదు. శుక్రవారం నమాజు, భోజనం అయ్యాక కారును మా బిల్డింగు కిందికి తెచ్చి, కిటికీలోంచి కేకేసేవాడు.

"యల్లా బిడ్డా! మీ అమ్మను పిలువు. ఎన్క సీటు నింపాలె!"

"అన్నా, నేను రాను. మొన్నటి బండిల కడుపంత తిప్పింది" అని అమ్మ బతిమాలేది.

"అందుకే నువ్వు గావాలె చెల్లె. మేమందరం మొకమాటానికి బాగుందంటం. నీ కడుపు అబద్ధమాడది."

అట్లా అమ్మ, చిచ్చీ, నేను వెనక కూర్చునేవాళ్లం, నాన్న ముందు. డిక్కీలో మా బియ్యం బస్తాలు, నీళ్ల డబ్బాలు. కారు ఎండలో కాలి కాలి ఉన్నప్పుడే ఎక్కించేవాడు. ఏసీ వేసి, ముందు సీటు చల్లబడగానే సంబరపడకుండా, "ఎన్క చల్లగాలి వస్తుందా? నడుమ కూసున్నోళ్లకు? మోకాళ్లకు జాగుందా?" అని ఒక్కొక్కరినీ అడిగేవాడు. రౌండెబౌట్‌లో కావాలనే కొంచెం వేగంగా తిప్పేవాడు. మేం ముగ్గురం ఒకరి మీద ఒకరం పడితే అద్దంలో అమ్మ ముఖం చూసేవాడు. ఈ పెద్ద కార్లు పరుపు మీద కూర్చున్నట్టు మెత్తగా పోతాయి. ఆ మెత్తదనమే మోసం చేస్తుందని ఆయన అనేవాడు. "ముందు సీట్ల కూసున్నోడు కారు కొంటడు. ఎన్క సీట్ల కూసున్నోళ్లు అండ్ల బతుకుతరు." నేను తెలుగులో ఇష్టపడి దాచుకున్న మొదటి వాక్యాల్లో ఇదొకటి. నాకు మాటల మీద ప్రేమ బళ్లో కంటే ముందు ఆ వెనక సీట్లోనే పుట్టిందేమో.

ఆయన పోవడానికి కొంచెం ముందు యార్డుకు ఒక తెల్ల కారు వచ్చింది. అంత పొడుగు కారును నేను దగ్గర నుంచి చూడడం అదే మొదలు. చిచ్చా దాన్ని చూసి మురిసిపోయాడు. "పెండ్లికొడుకు లెక్కుంది బిడ్డా!" అన్నాడు. మొదట నన్నొక్కదాన్నే ఎక్కించుకుని తిప్పాడు. ఇంజిన్ చప్పుడే వినపడలేదు. తర్వాత ఎప్పటిలాగే అందరం ఎక్కాం, డిక్కీ నింపాం. కారు వెనక భాగం కుంగిపోయింది. హిద్ రోడ్డు మీద వేగం పెరిగేసరికి ముందు భాగం పైకి లేచినట్టయి స్టీరింగు తేలిపోయింది. ఆయన రెండు చేతులతో గట్టిగా పట్టుకోవడం వెనక నుంచి చూశాను. హంప్ దాటుతుంటే కింద నేల గీసుకుని చెడ్డ చప్పుడు వచ్చింది. పక్కకు ఆపి, దిగి, వంగి చూశాడు. ఎక్కడో గుద్దుకున్న బండికి మరమ్మతు చేస్తూ ఎవరో వెనక వైపు చిన్న కారు స్ప్రింగులు బిగించారు.

"ఏమైందన్నా?" అని అమ్మ అడిగింది, ముఖం పాలిపోయి.

"ఏం గాలె చెల్లె. ఇది ఫ్యామిలీ కారే. ఫ్యామిలీ ఎక్కనంత సేపు."

అందరం నవ్వాం. ఆయన మాత్రం నవ్వలేదు. స్ప్రింగులు మార్చేదాకా అమ్మొద్దని మేనేజరుకు చెప్పానని మరుసటి రోజు మెట్ల మీద నాన్నతో అన్నాడు. మార్చారో లేదో తెలుసుకోకుండానే వెళ్లిపోయాడు.

ఆయన్ను మట్టి చేసి ఇంకా ఎన్నో రోజులు కాలేదు. నాన్నతో పాటు షిప్‌యార్డులో పనిచేసే ఫోర్‌మన్ అంకుల్ ఫోన్ చేశాడు. "మీ ఎదురింటి అన్న మెచ్చిన తెల్ల బండేనట గదా, నేను తీస్కుంటున్న. పిల్లలు సంబరపడుతున్నరు" అన్నాడు. నాన్న వెళ్లి ఆ మాట చిచ్చీకి చెప్పాడు. ఆ సాయంత్రమే చిచ్చీ, అమ్మ, నేను ఆ అంకుల్‌తో కలిసి యార్డుకు వెళ్లాం.

ఆఫీసు అద్దానికి చిచ్చా ఫోటో పెద్దది చేసి అతికించి ఉంది. ఆ కారు దిగిన రోజున తీసింది. బోనెట్ మీద అరచెయ్యి ఆనించి, నిండుగా నవ్వుతున్నాడు. కింద ఇంగ్లీషులో, అరబిక్‌లో పెద్ద అక్షరాలు: మా సీనియర్ టెస్ట్ డ్రైవర్ చివరిసారిగా నడిపి మెచ్చిన కుటుంబ వాహనం.

మెచ్చిన! నడిపి చూశాక ఆయన మంచి బండిని కూడా "నడుస్తది" అనేవాడే తప్ప ఊరికే మెచ్చేవాడు కాదు. నేను ఉండబట్టలేక, ఆయన వద్దన్న బండి ఇది అని గట్టిగానే అన్నాను. హైదరాబాద్ నుంచి వచ్చిన సేల్స్ భాయ్ నన్ను చూసి చిరునవ్వు నవ్వాడు.

"పోయినాయనకు ఇప్పుడేం నష్టం బేటా? మంచి పేరే వస్తుంది గదా."

ఆ మాట నాకు ఇప్పటికీ నిద్రలో గుచ్చుకుంటుంది. ఆయన సంపాదించినదల్లా ఒక్కటే. ఆయన బాగుందంటే జనం కళ్లు మూసుకుని పిల్లల్ని ఎక్కించేవారు. బతికుండగా ఎవరూ కొనలేకపోయిన ఆ మాటను, నోరు లేనివాణ్ణి చేసి అమ్ముకుంటున్నారు. నష్టం ఇది కాకపోతే మరేది నష్టం?

చిచ్చీ అరవలేదు. నఖాబు సర్దుకుని, "బేటా, ఆయన పేరు మీద అమ్ముతున్నవు గదా. ఆయన జూసినట్లె జూద్దాం. తాళం ఇయ్యి" అన్నది.

"అమ్మా, కస్టమర్లు అట్ల చూడరు..."

"నేను జూస్త" అన్నాడు ఫోర్‌మన్ అంకుల్.

అంకుల్ స్టీరింగు పట్టాడు, సేల్స్ భాయ్ పక్కన కూర్చున్నాడు, మేం ముగ్గురం వెనక ఎక్కాం. డిక్కీ ఖాళీగానే ఉంది. అయినా యార్డు గేటు దగ్గరి హంప్ మీదనే కింద గరగరమని గీసుకుంది. అంకుల్ కారు ఆపాడు. దిగి కిందికి వంగి చూసి, లేచి, సేల్స్ భాయ్ వైపు తిరిగాడు.

"నా పిల్లలు ముగ్గురు తమ్మీ. ఖలాస్. నాకొద్దు."

సేల్స్ భాయ్ తప్పయిందని అనలేదు. మేనేజరు చెప్పాడు, నేను అతికించాను అన్నాడు. చిచ్చీ ఫోటో అడిగితే, దాని ప్రింటింగుకు కంపెనీ డబ్బు పెట్టిందని గొణిగి, చివరికి ఊడదీసి చుట్టి ఇచ్చాడు. ఆ కారు స్ప్రింగులు మార్చారో లేదో నాకు తెలియదు. తర్వాతి వారం అటుగా పోతే యార్డులో అది లేదు. అందుకే ఇది రాస్తున్నాను: మా చిచ్చా ఆ కారును మెచ్చలేదు.

ఇంటికొచ్చాక చిచ్చీ ఆ ఫోటోను నేల మీద పరిచింది. చిచ్చా నవ్విన ఫోటో ఇంట్లో వేరేది లేదు. కత్తెర తీసుకుని ముందు అక్షరాలు కత్తిరించింది. తర్వాత కారును కత్తిరించడం మొదలుపెట్టింది, అద్దాలు, తలుపులు, హెడ్‌లైట్లు. చెయ్యి దగ్గరికి వచ్చేసరికి కత్తెర ఆగింది. వేళ్లు తెగకుండా కారును తీసేయడం కుదరలేదు. ఇప్పుడు ఆ ఫోటో వాళ్ల అల్మారా తలుపుకు లోపలి వైపున ఉంది. చిచ్చా నవ్వుతున్నాడు. ఆయన అరచేతి కింద, గోరంత వెడల్పున, ఆ తెల్ల బోనెట్ ఇంకా మెరుస్తూనే ఉంది.