తాతయ్య స్వెట్టరు చేతులు

మా అమ్మ మిషను బోర్డింగు స్కూల్లో చదువుకుంది. అక్కడ ఒక దొరసాని ఆమెకు కుట్టూ అల్లికా నేర్పింది. ఆ దొరసాని ఎప్పుడో ఓడెక్కి వెళ్ళిపోయింది గాని, ఆమె చెప్పిన మాట ఒకటి మా ఇంట్లో ఉండిపోయింది. క్రిస్మస్‌కి అయినవాళ్ళకి ఇచ్చేది కొట్లో కొనకూడదట, చేత్తో చేసివ్వాలట. ఆ చెయ్యి ఎవరిదో మాత్రం ఆవిడ చెప్పినట్టు లేదు. నాకు పదమూడో ఏడు వచ్చేసరికి అది నా చెయ్యి అయిపోయింది.

మేం అప్పుడు నూజివీడులో ఉండేవాళ్ళం. నాన్నగారు హైస్కూల్లో మాస్టారు. వానలు కాస్త తగ్గుముఖం పట్టగానే అమ్మ జాబితా రాసేది. మగవాళ్ళందరికీ ఒకే తానులోంచి చొక్కాలు. కుట్టుమిషను మీద గడగడా కుట్టేసే పని తనది. గుండీలు, కాజాలు, అంచులు, చేతిరుమాళ్ళ మూలల్లో పువ్వులు నావి. పండగ రోజు నాన్నగారు, బాబాయిలు, తమ్ముళ్ళు అందరూ ఒకే చారల చొక్కాల్లో చర్చికి బయలుదేరితే పెళ్ళికి బ్యాండుమేళం వెళ్తున్నట్టుండేది.

అరవైల మొదట్లో ఒక ఏడు అమ్మకి ఇంకో ఆలోచన వచ్చింది.

"ఈసారి మీ తాతయ్యకి స్వెట్టరు అల్లు."

తాతయ్య అంటే అమ్మ తండ్రి. ముసునూరు దగ్గర ఒక ఆసామి మామిడితోటలో అంట్లు కట్టేవాడు. అమ్మమ్మ పోయాక తోటలోనే పాకలో ఒక్కడే ఉండేవాడు.

"మనకి చలెక్కడుందమ్మా, స్వెట్టరు వేసుకోడానికి?"

"పూత మీద మంచు పడే రోజుల్లో ఆ పాకలో పడుకుని చూడు, ఎక్కడుందో తెలుస్తుంది."

నాన్నగారు బెజవాడ వెళ్తుంటే ముదురాకుపచ్చ ఊలు తెమ్మంది. ఆయన పండుమిరపకాయ రంగుది తెచ్చారు. అదే బాగుందని కొట్టువాడు చెప్పాడట. ఆ రంగు చూసి అమ్మ రెండు పూటలు ఆయనతో మాట్లాడలేదు. మూడో పూట నన్ను కూచోబెట్టి సూది మీద కుట్లు ఎక్కించింది.

అప్పటి ఉక్కపోతలో ఊలు అల్లినవాళ్ళకే తెలుస్తుంది ఆ బాధ. అరచేతులు చెమట పట్టి, ఊలు సూదికి అతుక్కుపోయి కదిలేది కాదు. చేతులకి పౌడరు రాసుకుని అల్లితే ఎర్ర ఊలు మీద తెల్ల మచ్చలు పడ్డాయని అమ్మ కేకలేసింది. ఒకసారి వీపు ముక్క సగానికి పైగా అయ్యాక చూసి, "ఇక్కడ ఒక కుట్టు జారింది" అంది. ఎక్కడని నేను వెతుకుతుండగానే దారం పట్టి సర్రున లాగేసింది. పది రోజుల పని నా ఒళ్ళో కుప్పగా పడింది. ఏడుపు కూడా రాలేదు నాకు. మా స్నేహితురాళ్ళు వీధిలో తొక్కుడుబిళ్ళ ఆడుకుంటుంటే ఆ అరుపులు వింటూ మళ్ళీ మొదటి వరస మొదలుపెట్టాను.

ముందుగా తెలియకూడదని అమ్మ తాతయ్యని కొలత అడగనివ్వలేదు. నాన్నగారి చొక్కా చూసి అల్లమంది. భుజం దగ్గర కుట్లెత్తుకుని చేతులు కిందికి అల్లుకుంటూ వచ్చాను. నాన్నగారు పొడగరి. తాతయ్య ఆయన భుజం దాకా వస్తాడు. ఈ సంగతి మా ఇద్దరికీ తట్టలేదంటే ఇప్పటికీ నాకు చికాకే.

పండగనాడు తాతయ్య స్వెట్టరు తొడుక్కుంటే చేతులు వేళ్ళు దాటి వేలాడాయి. ఆయన మాత్రం, "మా మనవరాలు అల్లింది" అని చర్చి గుమ్మంలో అందరికీ ఆ చేతులే చూపించాడు. మడిచి వేసుకుంటానన్నాడు. నా మూడు నెలల కష్టం తీరిందనుకున్నాను.

ఆషాఢంలో అమ్మా నేనూ ఆయన్ని చూడటానికి తోటకి వెళ్ళాం. పాకలో దండెం మీద స్వెట్టరు కనపడింది. దానికి చేతుల్లేవు.

"అయ్యో నాన్నా, ఎలకలు కొట్టేశాయా?" అంది అమ్మ.

"ఎలకలేంటి, నేనే విప్పాను. రండి చూద్దురుగాని."

చెట్ల కిందికి తీసుకెళ్ళాడు. ఒక ముదురు చిన్నరసం మామిడిచెట్టు చుట్టూ పందిరి వేసి, దాని మీద కుండీల్లో టెంకమొక్కలు వరసగా నిలబెట్టాడు. ఒక్కో మొక్కనీ పక్కనున్న కొమ్మకి అంటుకునేలా జోడించి కట్టాడు. ప్రతి కట్టూ ఎర్రటి ఊలు.

"అరటినార వానకి కుళ్ళిపోద్దమ్మా. పురికొస ఏమో, కొమ్మ లావెక్కేకొద్దీ బెరడులోకి దిగిపోద్ది. ఇదైతే కొమ్మతోపాటే సాగుద్ది. ముందు వేలాడే ముక్కే విప్పాను. బాగా పనిచేసింది. ఇంకాస్త విప్పాను. అట్టా అట్టా భుజం దాకా వచ్చింది."

"మూడు నెలలు అల్లాను తాతయ్యా!"

"తెలుసమ్మా. ఒక్క పోగు పారేస్తే ఒట్టు."

ఆయన నవ్వడం లేదు. నిజంగానే నేను సంతోషిస్తానని తీసుకొచ్చి చూపిస్తున్నాడు. ఆ ముఖం చూస్తే తిట్టడానికీ లేదు, ఊరుకోడానికీ లేదు. నేను వెనక్కి తిరిగి రోడ్డు మీదికి వచ్చేసి, బస్సు వచ్చేదాకా మైలురాయి మీద కూచున్నాను. ఆయన సంచీ నిండా పళ్ళు తెచ్చిచ్చినా తీసుకోలేదు. అమ్మ తీసుకుంది. ఆయన్ని ఒక్క మాట అనలేదు. బస్సులో సగం దూరం వచ్చాక, "మంచి రకం ఊలు కదా, అందుకే అంత సాగింది" అంది. నేను కిటికీ వైపు తిరిగి కూచున్నాను.

ఆ ఏడు ఆయన కట్టిన అంట్లలో ఎండిపోయినవి చాలా తక్కువట. ఆసామి మెచ్చుకున్నాడని చెప్పడానికి వానలు తగ్గాక తాతయ్య మా ఇంటికి వచ్చాడు. ఒక అంటుమొక్క కూడా తెచ్చి పెరట్లో తనే నాటాడు. నేను గదిలోంచి బయటికి రాలేదు. అమ్మ అప్పటికే కొత్త జాబితా రాస్తోంది. తాతయ్య గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అమ్మాయ్, పోయిన చలికాలం అది తొడుక్కుంటే ఎంత హాయిగా ఉందో. ఈ ఏడూ అల్లుతున్నావా?"

"ఎందుకు, విప్పుకోడానికా?"

ఆయన తన మణికట్టు వైపు చూసుకున్నాడు.

"చేతులు కాస్త పొడుగ్గా అల్లు" అన్నాడు.

పక్కగదిలోంచి అమ్మ పకపకా నవ్వడం వినిపించింది. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఊలు వచ్చాక అల్లడం మొదలుపెట్టాను. కొలత మాత్రం ఈసారి నేనే తోటకి వెళ్ళి, ఆయన్ని నిలబెట్టి, మణికట్టు దాకా తీసుకున్నాను. అంతకు మించి ఒక్క వరస కూడా అల్లలేదు.